మన ఆర్కెస్ట్రా చివరి విభావరి

కార్తీక మాసం మొదటి వారంలో ఒక ఉదయం మా బావగారు నా ఫోనుకు ఒక ఆహ్వాన పత్రిక ఫొటో పంపించారు. దాని మీద చిక్కడపల్లి త్యాగరాయ గానసభ చిరునామా, ఆదివారం సాయంత్రం 6 గంటల సమయం, మధ్యలో పెద్ద అక్షరాలతో "సినీ సంగీత విభావరి" అన్న మాటలు ఉన్నాయి. అలాంటి పత్రికలు నాకు నెలకు మూడు నాలుగు వస్తూనే ఉంటాయి కాబట్టి మామూలుగా చూసి పక్కన పెట్టబోయాను. అప్పుడు బృందం పేరు కింద చిన్న అక్షరాలతో ఉన్న రెండు వాక్యాలు కనిపించాయి: "ఇది మా ఆఖరి కార్యక్రమం. పాత శ్రోతలందరూ తప్పక రావాలని మనవి." వాటిని రెండుసార్లు చదువుకుని వెంటనే బావగారికి ఫోను చేశాను. ఆయన "చూశావా, మన ఆర్కెస్ట్రా అయిపోతోంది" అన్నారు. ఆ తరువాత కొంతసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

ఆ బృందానికి ఒక పేరు ఉంది, గోడ పత్రికల మీద ఎప్పుడూ ఆ పేరే ఉండేది. కానీ మా ఇంట్లోనూ మా వీధిలోనూ దాన్ని ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. మాకది "మన ఆర్కెస్ట్రా". ఇక్కడా అలాగే రాస్తాను.

1987 వినాయక నవరాత్రుల్లో, రామ్‌నగర్‌లోని మా వీధి పందిట్లో నేను దాన్ని మొదటిసారి విన్నాను. నాకప్పుడు 10 ఏళ్ళు. మేము భోజనాలు ముగించుకుని వెళ్ళేసరికి ముందు వరుసలన్నీ నిండిపోవడంతో నాన్నగారు నన్ను వేదికకు కుడి పక్కన, స్పీకరు వెనక ఉన్న ఒక చెక్క బల్ల మీద కూర్చోబెట్టారు. అక్కడి నుంచి గాయకుల వీపులు మాత్రమే కనిపించేవి, వాద్యకారులు మాత్రం చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఉన్నారు. నా అభిమానం ఎవరి వైపు వెళ్ళాలో ఆ బల్లే నిర్ణయించిందని ఇప్పటికీ అనుకుంటాను. అప్పటిదాకా పాట అంటే రేడియోలో వినిపించే ఒక గొంతు అనే నాకు తెలుసు. పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే సంగీతాన్ని, ఆర్కెస్ట్రా వాళ్ళు "బిట్" అని పిలిచే ఆ భాగాన్ని, గొంతు మళ్ళీ ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూసే ఖాళీగానే వినేవాణ్ణి. ఆ రాత్రి ఆ ఖాళీలో నలుగురు వయొలిన్ వాళ్ళ కమానులు ఒక్కసారిగా పైకి లేవడం చూశాను. వేణువు ఆయన తన వంతు రాకముందే పెదవులు తడుపుకుని సిద్ధంగా ఉండడం, తబలా ఆయన కళ్ళు గాయకుడి మీద కాక అకార్డియన్ మాస్టారి కుడి భుజం మీద నిలిచి ఉండడం కూడా చూశాను. ఆ భుజం కాస్త కిందికి దిగితే బిట్ మొదలయ్యేది, పైకి లేస్తే ముగిసేది. 14 మంది మనుషులు ఒక భుజాన్ని చూసి ఒకే క్షణంలో వాయించడం నాకు ఆ వయసులో ఇంద్రజాలంలా తోచింది. ఇంటికి వచ్చేటప్పుడు నాన్నగారు చెప్పిన మాట గుర్తుంది: "పాడేవాళ్ళు ఊపిరి తీసుకునేటప్పుడు పాట కింద పడకుండా పట్టుకునేది వాళ్ళే."

అకార్డియన్ మాస్టారే బృందానికి నాయకుడు. ఆయన రైల్వే ఉద్యోగి. సికింద్రాబాదులో చర్చి గాయక బృందంతో వాయిస్తూ ఆ వాద్యం నేర్చుకున్నారు. పూర్తి పరిమాణంలో ఉండే పియానో అకార్డియన్‌కు కుడి వైపు 41 మెట్లు, ఎడమ వైపు 120 బొత్తాలు ఉంటాయి. బరువు సుమారు 10 కిలోలు ఉంటుంది. కుడి చేయి రాగాన్ని వాయిస్తుంది, ఎడమ చేయి చూడకుండానే బొత్తాలు వెతుక్కుంటూ బాసు స్వరాలను అందిస్తూ, అదే సమయంలో మధ్యలో ఉన్న తిత్తిని లాగుతూ నొక్కుతూ వాద్యానికి ఊపిరి పోస్తుంది. లోపల హార్మోనియంలో ఉన్నట్టే లోహపు రీడ్లు ఉంటాయి. వాటిని మైనంతో అతికిస్తారు కాబట్టి మన మే నెల ఎండలో ఆ పెట్టెను వ్యానులో వదిలేస్తే మైనం మెత్తబడి రీడ్లు కదిలిపోతాయి. అందుకే మాస్టారు ఏ కార్యక్రమానికైనా తక్కిన వాద్యాలను వ్యానులో పంపించి, తాను మాత్రం అకార్డియన్ పెట్టెను పక్కన పెట్టుకుని ఆటోలో వచ్చేవారు. ఈ సంగతి ఆయనే ఒకసారి, నేను డిగ్రీ చదువుతున్న రోజుల్లో, వేదిక వెనక నిలబడి ఓపికగా వివరించారు.

ఆ ఏళ్ళలో నేను వాళ్ళను విడిచిపెట్టలేదు. ఘంటసాల జయంతి డిసెంబరు 4న, వర్ధంతి ఫిబ్రవరి 11న నగరంలో ఎక్కడో ఒకచోట సభలు జరుగుతాయి. శ్రీరామనవమి పందిళ్ళు, కాలనీ వార్షికోత్సవాలు, పెళ్ళి రిసెప్షన్లు సరేసరి. పిలుపు లేని రిసెప్షన్లకు కూడా వెళ్ళి బయట రోడ్డు మీద నిలబడి విన్న సందర్భాలు ఉన్నాయి. 1994 నుంచి ఒక డైరీలో ప్రతి కార్యక్రమం తేదీ, చోటు, వాయించిన పాటల వరుస రాసుకున్నాను. ఈ చివరి విభావరికి ముందు ఆ డైరీలో 71 కార్యక్రమాలు ఉన్నాయి.

అవి తగ్గుతూ రావడం కూడా ఆ డైరీలోనే కనిపిస్తుంది. మొదట కీబోర్డు వచ్చి నలుగురు వయొలిన్ వాళ్ళలో ఇద్దరికి పని లేకుండా చేసింది. మాస్టారు ఆ ఇద్దరినీ వదులుకోవడానికి ఇష్టపడక తన వాటా తగ్గించుకుని కొన్నేళ్ళు నడిపారని తరువాత విన్నాను. ఆపైన రిథమ్ ప్యాడ్ వచ్చి కాంగో, బాంగో, ట్రిపుల్ వంటి తాళ వాద్యాలన్నింటినీ ఒక పలకలోకి కుదించింది. అయినా ఆర్కెస్ట్రా నిలబడింది. దాన్ని నిజంగా దెబ్బతీసింది కరోకే. గొంతు తీసేసిన ట్రాకు ఒకటి ఫోనులో ఉంటే చాలు, మైకు పట్టుకుని ఎవరైనా పాడవచ్చు. 12 మంది వాద్యకారులకు పారితోషికం, వ్యాను ఖర్చు, సాధనకు గది అద్దె, సాధనకు నాలుగు సాయంత్రాలు, ఇవేవీ అక్కర్లేదు. గత పది పదిహేనేళ్ళలో మన నగరంలో కరోకే బృందాలు పేటకొకటి చొప్పున పుట్టాయి. నేను వాటిని తక్కువ చేయను. బ్యాంకుల్లో, సచివాలయంలో జీవితమంతా ఫైళ్ళ మధ్య గడిపి, పాడాలన్న కోరికను లోపలే దాచుకున్న ఎంతోమంది అరవయ్యో ఏట వేదిక ఎక్కగలుగుతున్నారంటే అది కరోకే చలవే. మా అక్కయ్య కూడా అలాగే పాడుతుంది, బాగా పాడుతుంది. కానీ అదే వేదిక మీద ఇంతకుముందు 12 కుటుంబాలకు పని ఉండేదన్న మాట మరిచిపోవడం నా వల్ల కాదు.

2020 మార్చిలో కోవిడ్ వచ్చి సభలన్నీ ఆగిపోయాయి. ఆ ఏడాది సెప్టెంబరు 25న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం వెళ్ళిపోయారు. సభలు మళ్ళీ మొదలయ్యాక ఆయన స్మృతిలో ఎన్నో విభావరులు జరిగాయి. నేను వెళ్ళినవాటిలో ఎక్కువ భాగం ట్రాకుల మీద నడిచినవే. ఆ రెండేళ్ళలో మన ఆర్కెస్ట్రాలో వేణువు ఆయన కన్నుమూశారు, ఒక వయొలిన్ ఆయన కొడుకు దగ్గరికి బెంగళూరు వెళ్ళిపోయారు. మాస్టారికి ఎడమ భుజం పట్టేయడం మొదలైంది. ఎడమ చేయి ఆడకపోతే తిత్తి ఆడదు, తిత్తి ఆడకపోతే అకార్డియన్‌కు గొంతు లేదు. ఆఖరి కార్యక్రమం అన్న నిర్ణయానికి కారణం అదేనని బావగారి ద్వారా తెలిసింది.

ప్రవేశం ఉచితమే అయినా పాసు ఉండాలని పత్రికలో రాశారు. నిర్వాహకుల్లో ఒకరు నాకు రెండు పాసులు పక్కన పెడతామని మాట ఇచ్చారు కానీ, శనివారం రాత్రి దాకా ఎదురుచూసినా అవి రాలేదు, ఆయన ఫోను తీయలేదు. పైగా ఆ ఆదివారమే మా కాలనీ కార్తీక వనభోజనాలు. ఉసిరి చెట్టు కింద విస్తళ్ళు వేసే పని ఏటా నాదే. ఈసారికి నన్ను మన్నించమని అందరినీ అడిగి, పాసు లేకపోయినా సరే ముందుగా వెళ్ళి ద్వారం దగ్గర నిలబడదామని మధ్యాహ్నం రెండున్నరకే బయలుదేరాను. మా అమ్మాయి కూడా వస్తానంది. దానికి 16 ఏళ్ళు, ఇంతవరకు వాద్యబృందం వేదిక మీద వాయించడం ఎన్నడూ చూడలేదు. మెట్రోలో చిక్కడపల్లి స్టేషనులో దిగి, నగర కేంద్ర గ్రంథాలయం వైపు నుంచి వచ్చే ఉద్యోగార్థుల గుంపుల మధ్యగా నడిచి గానసభ చేరేసరికి మూడు దాటింది.

ద్వారం దగ్గర వ్యానులోంచి సామాను దింపుతున్నారు. తబలా ఆయన నన్ను చూసి, "ఏంది తమ్మీ, ఇంత జల్ది వచ్చినవ్?" అని పలకరించారు. పాసు సంగతి చెప్పగానే, "నీకెందుకు పాసు? ఈ ఢోలక్ పట్టుకో, లోపలికి నడువ్" అన్నారు. ముప్పై ఏళ్ళుగా శ్రోతల వైపు నుంచి చూసిన మనిషిని ఆ రోజు ఢోలక్ మోస్తూ వాద్యకారుల ద్వారం గుండా లోపలికి వెళ్ళాను. మా అమ్మాయి చేతికి మ్యూజిక్ స్టాండ్ల కట్ట ఇచ్చారు.

ఆ తరువాతి రెండున్నర గంటలు, నిజం చెప్పాలంటే, నాకు అసలు కార్యక్రమంతో సమానం. ఖాళీ హాలులో ఆరో వరుసలో కూర్చుని, వేదిక మీద ఒక్కో శబ్దం ఎలా తయారవుతుందో చూశాను. తబలా ఆయన నాలుగు కుడి తబలాలు తెచ్చారు. గాయకులు ఒక్కొక్కరిదీ ఒక్కో శ్రుతి కాబట్టి, ఏ పాటకు ఏ తబలా అన్నది కాగితం మీద రాసుకుని, చిన్న సుత్తితో అంచు చుట్టూ కొడుతూ, గట్టాలు పైకీ కిందికీ జరుపుతూ ఒక్కొక్కదాన్నీ షడ్జమానికి కలిపారు. "ఏసీ వేసినాక మళ్ళ మారుతది" అని, హాలు చల్లబడే దాకా ఆగి మళ్ళీ అన్నింటినీ సరిచూశారు. ఢోలక్ ఆయన ఎడమ మూత మీద అరచేతి మడమతో రుద్దుతూ గుమకను వెతుక్కుంటున్నారు. ఆ మూతకు లోపలి వైపు మసాలా పూసి ఉంటుందని, ఆ లోతైన నాదం దాని నుంచే వస్తుందని మా అమ్మాయికి చెప్పాను. కీబోర్డు వాయించే యువకుడు మాస్టారి శిష్యుడు. పోయిన వేణువు ఆయన భాగాలన్నీ కీబోర్డులో వాయించగలనని అతను అంటే, మాస్టారు ఒప్పుకోలేదు. పాత వేణువు ఆయన మేనల్లుణ్ణి విజయవాడ నుంచి పిలిపించారు. ఆ కుర్రవాడు మూలన కూర్చుని మేనమామ చేతిరాతలో ఉన్న స్వరాల పుస్తకాన్ని చూసి వాయిస్తుంటే వయొలిన్ ఆయన ఒకసారి తల తిప్పుకున్నారు.

మాస్టారు అందరికంటే ఆలస్యంగా, ఆటోలో, పెట్టె పక్కన పెట్టుకుని వచ్చారు. ఆయన జుట్టు పూర్తిగా తెల్లబడింది. అకార్డియన్ పట్టీలను తనంత తాను భుజాలకు వేసుకోలేకపోవడంతో కీబోర్డు యువకుడు వెనక నుంచి తగిలించాడు. ఒక బిట్ వాయించి చూసుకుని, సౌండ్ చూసే అబ్బాయిని పిలిచి, "నాది తగ్గించు, వయొలిన్ పెంచు" అన్నారు. అన్ని కార్యక్రమాల్లోనూ ఆయన ఆ మాటే చెప్పేవారని తబలా ఆయన తరువాత నాతో అన్నారు.

ఆరు గంటలకు మొదలు కావలసిన సంగీతం ఏడున్నరకు మొదలైంది. మధ్యలో ప్రసంగాలు, పూలదండలు, శాలువాలు. బృందంలోని ప్రతి ఒక్కరికీ సత్కారం జరగడం న్యాయమే, నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. కానీ బృందంతో ఏ సంబంధమూ లేని అతిథులు ఒకరి గురించి ఒకరు మాట్లాడుకుంటూ గంటకు పైగా గడపడం, అదీ ఇక మరొక సాయంత్రం లేని మనుషుల సమయం నుంచి తీసుకోవడం నాకు బాధ కలిగించింది. ఆ గంటలో కనీసం పది పాటలు వినేవాళ్ళం. హాలు అప్పటికే పూర్తిగా నిండి, వెనక గోడ వెంబడి, మెట్ల మీద కూడా జనం ఉన్నారు. బావగారు చోటు దొరక్క ఒక స్తంభం పక్కన నిలబడితే, పిలిచి మా ఇద్దరి మధ్య సర్దుకున్నాం.

గణపతి ప్రార్థన తరువాత మొదటి గంట అంతా ఘంటసాల పాటలు. అందులో "శివశంకరీ" ఉంది. 1961లో వచ్చిన "జగదేకవీరుని కథ" కోసం పెండ్యాల నాగేశ్వరరావు దర్బారీ కానడ రాగంలో కూర్చిన ఆ పాటను మన ఆర్కెస్ట్రా ఏటా ఒకటి రెండుసార్లకు మించి వాయించేది కాదు. దానికి వారం రోజుల సాధన కావాలని మాస్టారు అనేవారు. ఆ పాటలో ఆయన అకార్డియన్‌కు పని లేదు. దాన్ని దించి ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చేత్తో తాళం మాత్రం వేస్తూ కూర్చున్నారు. తెర మీద ఆ పాటలో ఎన్.టి. రామారావు ఒక్కరే గాయకుడుగానూ వాద్యకారులుగానూ అనేక రూపాల్లో కనిపిస్తారు. ఇక్కడ అనేకమంది కలిసి ఒక్కరుగా మారడం చూశాను. స్వరాలూ జతులూ జోరందుకునేకొద్దీ మృదంగం ఆయన, గాయకుడు, వయొలిన్ ఇద్దరూ ఒకరి ముఖాలు ఒకరు తప్ప ఇంకేదీ చూడలేదు. పాట ముగిశాక హాలులో ఒక్క క్షణం పూర్తి నిశ్శబ్దం, ఆ తరువాతే చప్పట్లు. నా పక్కన మా అమ్మాయి చప్పట్లు కొట్టడం కూడా మరిచిపోయి, "నాన్నా, వీళ్ళు దీన్ని ఇప్పుడే వాయించారా?" అని అడిగింది. ఆ ప్రశ్న వింతగా ఉన్నా అర్థమైంది. దానికి తెలిసిన సంగీతమంతా ఎప్పుడో ఎక్కడో తయారైపోయి దాని చెవుల దాకా వచ్చినదే.

తెలుగు పాటలకు ఆ బలం ఎక్కడి నుంచి వచ్చిందో దానికి ఇంటికి వెళ్ళాక చెప్పాను. ఆ పాటలు పుట్టిన రోజుల్లో మద్రాసు స్టూడియోల్లో గాయకులూ వాద్యకారులూ ఒకేచోట చేరి పాటను మొదటి నుంచి చివరి దాకా కలిసి రికార్డు చేసేవారు. ఒక్కరు తప్పినా అందరూ మళ్ళీ మొదటి నుంచి రావలసిందే. గొంతునూ వాద్యాలనూ విడివిడిగా ట్రాకుల్లో నింపి తరువాత కలిపే పద్ధతి ఆ తరువాత స్థిరపడింది. మన ఆర్కెస్ట్రా వంటివి ఆ పాత పద్ధతిని, ఎవరూ అడగకపోయినా, వీధి పందిళ్ళలో ఇన్నేళ్ళు బతికించాయి.

రెండో గంటలో జరిగిన ఒక చిన్న సంఘటన కోసమే ఈ అనుభవం రాయాలనుకున్నాను. బృందంలో మొదటి నుంచి పాడుతున్న గాయని ఒకరున్నారు, ఇప్పుడు ఆమెకు 70 దాటాయి. ఒక పాత యుగళగీతంలో మొదటి చరణం అద్భుతంగా పాడారు. రెండో చరణానికి ముందు బిట్ వస్తోంది. నాకు కంఠస్థమైన బిట్ కాబట్టి ఎక్కడ ముగుస్తుందో తెలుసు. అది ముగిసే చోటుకు వచ్చేసరికి ఆమె చేతిలోని కాగితాలు తిరగేస్తున్నారు, పేజీ దొరకడం లేదు. నా గుండె ఆగినంత పనైంది. మాస్టారి భుజం పైకి లేవలేదు. ఆయన బిట్‌లోని చివరి భాగాన్ని మళ్ళీ అందుకున్నారు, వయొలిన్‌లు ఆయన వెంటే వెళ్ళాయి, వేణువు కుర్రవాడు స్వరాల పుస్తకంలో లేని ఒక చిన్న సంగతిని అందులో అల్లాడు, తబలా ఆయన ఠేకాను కాస్త మృదువుగా మార్చి కాలాన్ని పట్టి ఉంచారు. ఆమె తలెత్తి మాస్టారిని చూశారు. అప్పుడు ఆ భుజం లేచింది, ఆమె సరిగ్గా అక్కడే చరణం ఎత్తుకున్నారు. హాలులో చాలామందికి ఏమీ జరిగినట్టు తెలియలేదు. పాట ముగిశాక ఆమె మైకు కిందికి దించి, ఆయన వైపు తిరిగి, అరచేతిని గుండె మీద పెట్టుకున్నారు.

ట్రాకులో శ్రుతిని తగ్గించుకోవచ్చు, వేగాన్ని కూడా ముందే మార్చుకోవచ్చు. కానీ మొదలయ్యాక అది ఎవరి కోసమూ ఆగదు, కాగితం దొరకని మనిషి ముఖం దానికి కనిపించదు. 1987లో నాన్నగారు అన్న మాట నాకు అక్షరాలా ఆ నాలుగైదు క్షణాల్లో కనిపించింది. ఆయన పోయి 9 ఏళ్ళయింది. పక్కన ఉంటే చెయ్యి పట్టుకుని చూపించేవాణ్ణి.

తొమ్మిదిన్నర దాటాక మాస్టారు మైకు తీసుకున్నారు. ఆయన వేదిక మీద మాట్లాడడం నేను అదే మొదటిసారి వినడం. "ఇన్నేళ్ళూ మీరు పాట విన్నారు, మేము మధ్యలో వాయించాం. ఈ ఒక్క పావుగంట మేము మధ్యలోవి మాత్రమే వాయిస్తాం. పాట మీరు పాడండి" అన్నారు. గాయకులందరూ వేదిక దిగి మొదటి వరుసలో కూర్చున్నారు. మొదటి బిట్ మొదలైంది. అది ముగిసి వాద్యాలు ఆగగానే హాలు తటపటాయించింది. వెనక వరుసల్లోంచి ఒక స్త్రీ గొంతు పల్లవిని అందుకుంది. ఆ రెండో మాటకే హాలంతా ఆమెతో కలిసింది, వాద్యాలు కింద నుంచి మెత్తగా తోడు వచ్చాయి. అలా ఒక బిట్, ఒక పల్లవి, మళ్ళీ ఒక బిట్, మొత్తం 11 పాటలు. ఒక్క సాహిత్యం ముక్క కూడా లేకుండా, కేవలం బిట్ విని, వందలమంది ఆ పాట ఏదో గుర్తుపట్టడం చూస్తుంటే, ఈ మనుషులు వాయించినది మేము వినలేదేమో అని వాళ్ళు ఎప్పుడైనా బాధపడి ఉంటే ఆ బాధ ఆ రాత్రి తీరి ఉంటుందని నమ్ముతున్నాను. పదింటిని నేను గుర్తుపట్టాను. ఏడోది ఏమిటో తెలియక వెతుక్కుంటుంటే ముందు వరుసలోని ఒక పెద్దాయన వణుకుతున్న గొంతుతో ఎత్తుకున్నారు.

పదకొండో పాట పల్లవి పాడుతుండగా వాద్యాలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. మొదట ఏదైనా పొరపాటు జరిగిందేమో అనుకున్నాను. వయొలిన్‌లు ఒళ్ళోకి దిగాయి, తబలా ఆయన చేతులు తబలాల మీదే చాపి ఉంచారు, చివరికి అకార్డియన్ తిత్తి కూడా మూసుకుంది. వాళ్ళు వాయించడం మాని, మేము పాడుతుంటే వింటున్నారు. శ్రుతి కాస్త జారింది, తాళం అటూ ఇటూ పోయింది, అయినా హాలు పల్లవినీ చరణాన్నీ చివరిదాకా పాడింది. బావగారు బిగ్గరగా పాడారు. నేను సగంలోనే ఆగిపోయి ఆ 12 మంది ముఖాలూ చూస్తూ నిలబడ్డాను.

ఆ తరువాత వేదిక మీదికి జనం వెళ్ళారు, ఫొటోలు, కన్నీళ్ళు, కాళ్ళకు నమస్కారాలు. రద్దీ తగ్గాక నేను డైరీ తీసుకుని మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కుర్చీలో కూర్చుని, కళ్ళద్దాలు పెట్టుకుని, తొందరపడకుండా ఒక్కో పేజీ తిరగేశారు. 2003 పేజీ దగ్గర ఆగి, ఒక పాట మీద వేలు పెట్టి, "ఇది వాయించలేదు బాబూ. ఆ రోజు వేణువు ఆయనకు జ్వరం. ఈ పాట వదిలేసి ఇంకొకటి వాయించాం" అన్నారు. ఏ పాటో కూడా చెప్పారు. నేను అక్కడే పెన్ను తీసి కొట్టివేసి, సరైనది రాశాను. 72వ పేజీలో ఆయన సంతకం పెట్టి, ఆ పక్కన బృందంలో అందరి చేతా పెట్టించారు. వేణువు ఆయన స్థానంలో మేనల్లుడు తన పేరు కాక మేనమామ పేరు రాశాడు.

వ్యాను సామానుతో వెళ్ళిపోయింది. మాస్టారు చిలకలగూడలో ఉంటారు. ఆ భుజంతో పెట్టె మోయడం కష్టమని, నేను దింపి వస్తానన్నాను. బావగారు మా అమ్మాయిని ఇంటికి తీసుకువెళ్ళారు. ఆటోలో పెట్టెను సీటు మీద పడుకోబెట్టబోతే ఆయన ఆపారు. "నిలబెట్టే ఉంచు. పడుకోబెడితే లోపలి తోలు వాల్వులు వాలిపోతాయి." ముషీరాబాదు మీదుగా వెళ్ళినంతసేపూ దాన్ని మా ఇద్దరి మోకాళ్ళ మధ్య నిలబెట్టి, గతుకు వచ్చినప్పుడల్లా ఇద్దరం చేతులు వేసి పట్టుకున్నాం. ఆయన కార్యక్రమం గురించి ఒక్క మాట మాట్లాడలేదు. ఆటో గాంధీ ఆసుపత్రి దాటాక, "వేణువు పిల్లాడు ఆ బిట్‌లో వేసిన సంగతి విన్నావా? వాళ్ళ మామ కూడా అలాగే వేసేవాడు. ఎవరూ నేర్పలేదు" అన్నారు.

ఇంట్లో ఆయన భార్య టీ పెట్టారు. మాస్టారు పెట్టె తెరిచి, పొడి గుడ్డతో మెట్లు ఒక్కొక్కటీ తుడిచారు. చెమట తేమ ఉంటే మడతలు పాడవుతాయని చెప్పి, అకార్డియన్‌ను నా ఒళ్ళో పెట్టించి, తాను ఎడమ చేత్తో పట్టుకుని తిత్తిని నెమ్మదిగా సగం దాకా తెరిచారు. కాసేపు అలాగే ఆరనిచ్చి, పక్కన ఉండే గాలి బొత్తాన్ని బొటనవేలితో నొక్కి పట్టుకుని మూయమన్నారు. ఆ బొత్తం నొక్కితే ఏ రీడూ మోగదు, గాలి మాత్రమే బయటికి వెళుతుంది. నేను మెల్లగా మూశాను. ఆయన పట్టీలు బిగించి, దాన్ని మంచం పక్కన గోడకు ఆనించి నిలబెట్టి, టీ చల్లారిపోతోంది తాగమన్నారు.